పుట్టని సర్టిఫికెట్టు గారికి

మహారాజశ్రీ కువైట్ పోలీసు సర్టిఫికెట్టు గారి దివ్యసముఖమునకు, కోనసీమలో రాజోలు దగ్గర ఒక పల్లెలో కాపురముంటున్న రిటైర్డు స్టోర్‌కీపరు అనేక నమస్కారములు చేసి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి.

కుశలం అని అలవాటుకొద్దీ రాసేశాను గానీ, తమరు క్షేమంగా ఉన్నారో లేదో నాకు తెలీదు. ఆ మాటకొస్తే అసలు ఉన్నారో లేదో కూడా తెలీదు. ఉండాలని అమెరికా వాళ్ళు అంటున్నారు. లేరని కువైట్‌లో ఒక కౌంటరు వెనకాల కూర్చున్నాయన అంటున్నాడు. ఇద్దరికీ జవాబు చెప్పుకోవలసినవాణ్ణి నేను. పెద్దవారితో తగువుంటే మధ్యవర్తులు లేకుండా తేల్చుకోవడమే మర్యాద కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను. పదిమందిలో పెడితే సిగ్గుపడైనా బయటికొస్తారేమోనన్న ఆశ కూడా లేకపోలేదు.

మీకూ నాకూ పరిచయం ఎలా కలిగిందో ముందు చెబుతాను. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. దానికి పౌరసత్వం వచ్చింది. 21 ఏళ్ళు నిండిన అమెరికా పౌరులు తల్లిదండ్రుల్ని రప్పించుకోవచ్చు గనక మా ఇద్దరి మీదా ఐ-130 అనే పిటిషన్ వేసింది. అది మంజూరై న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో పోర్ట్స్‌మత్ అనే ఊరిలో ఉన్న నేషనల్ వీసా సెంటరుకి వెళ్ళింది. అక్కణ్ణించి డీఎస్-260 అనే పెద్ద ఫారమూ, కావలసిన కాయితాల జాబితా వచ్చాయి. పుట్టిన తేదీకి, పెళ్ళికి, ఫొటోకి నేను బెదరలేదు. ఆ కింద మీ పేరుంది.

వాళ్ళ నియమం ఇదీ. పదహారేళ్ళు నిండాక స్వదేశంలో ఆరు నెలలకు మించి ఉంటే స్వదేశం పోలీసు సర్టిఫికెట్టు కావాలి. ఇంకే దేశంలోనైనా 12 నెలలో, ఆపైనో ఉంటే ఆ దేశానిదీ కావాలి. ఎక్కడైనా అరెస్టయి ఉంటే అక్కడ ఎన్నాళ్ళున్నామన్న దానితో పని లేదు, తేవలసిందే. ఇదంతా న్యాయంగానే ఉంది. కానీ ఎన్నేళ్ళ కిందటి సంగతి అన్నదానికి మాత్రం హద్దు పెట్టలేదు. కెనడా, ఆస్ట్రేలియా వాళ్ళు సాధారణంగా గత పదేళ్ళ లెక్క చూస్తారట. అమెరికా వాళ్ళకి నా యావజ్జీవితం కావాలి. 1984 నుంచి 1990 దాకా నేను కువైట్‌లో ఉన్నాను. అందుకని మీరు కావలసివచ్చారు.

మా ఆవిడకి ఈ బాధ లేదు. "ఊరు కదలనిదాన్ని, నాకు ఒక్క కాయితంతో పోయింది. మీరు దేశాలు ఉద్ధరించారు కదా, అనుభవించండి" అంటోంది. ఆ ఒక్క కాయితం మీ భారతీయ సోదరుడే. ఆయన పేరు పీసీసీ. పాస్‌పోర్ట్ సేవ వెబ్‌సైటులో 500 రూపాయలు కట్టాం, రమ్మన్న రోజున వెళ్ళాం, తర్వాత ఒక కానిస్టేబులు ఫోను చేసి మా వీధికొచ్చాడు. పక్కింటివాళ్ళ చేత సంతకాలు పెట్టించుకుని, మా పెరట్లో కొబ్బరి బొండం తాగి, "ఏం లేదండీ, క్లియర్ అండీ" అని వెళ్ళిపోయాడు. సర్టిఫికెట్టు వచ్చింది. మా పోలీసులంటే లోకానికి ఉన్న అభిప్రాయం మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళే అంత మర్యాద చేస్తే, ఎయిర్ కండిషన్డు దేశం వారు మీరు ఎంత చెయ్యాలి?

మీకు నేను చేసిన ఉపకారాలు బహుశా మీకు తెలియవు. మనవి చేస్తాను. ఫహాహీల్‌లో ఒక గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. మీ దేశంలో 1960ల నుంచీ మందు నిషేధం. నిషేధం ఉన్నచోట మనవాళ్ళ బుర్ర ఎలా పనిచేస్తుందో చెప్పక్కర్లేదు. ద్రాక్షరసం డబ్బాలు కొనుక్కొచ్చి, రొట్టెల్లో వేసే ఈస్టు కలిపి, ప్లాస్టిక్ క్యాన్‌లో పోసి మంచం కింద పెట్టేవారు. మూత కాస్త వదులుగా పెట్టాలి, లేకపోతే రాత్రిపూట ఢామ్మని లేస్తుంది. ఒకసారి లేచింది కూడా, గోడంతా ఊదారంగు. శుక్రవారం సెలవు గనక గురువారం రాత్రి ఆ క్యాన్ మంచం కిందనుంచి బయటికొచ్చేది. ఆ రాత్రులు నేను దుప్పటి చంకన పెట్టుకుని గోడౌనుకి పోయి సిమెంటు బస్తాల మధ్య పడుకునేవాణ్ణి. రేపు పోలీసులొచ్చి గదిలో ఉన్నవాళ్ళందర్నీ పట్టుకుపోతే "నేను తాగలేదండీ" అని అరబ్బీలో చెప్పడం నాకు రాదు.

రంజాన్ నెలలో పగటిపూట బయట తిన్నా తాగినా అక్కడ నేరం. జూన్ ఎండలో లారీ దింపుతూ కూడా నేను వీధిలో గుక్కెడు నీళ్ళు తాగలేదు, గోడౌన్ తలుపు వేసుకునే తాగాను. అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్టు, గడువు ఇంకా నెలకు పైగా ఉండగానే కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మందూబ్ వెంటపడి, అతను విసుక్కుంటున్నా వదలకుండా రెన్యువల్ చేయించుకునేవాణ్ణి. రోడ్డు మీద ఒక్క కారు లేకపోయినా సిగ్నల్ పడేదాకా ఎండలో నిలబడేవాణ్ణి. ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, స్టోరులో మిగిలిపోయిన రాగి తీగ చుట్టలు లెక్కలో తగ్గించి రాస్తే సగం సగం అన్నాడు. నా ఆరు నెలల జీతం అది. రాయలేదు. అప్పట్లో ఇదంతా భయమనుకున్నాను, అప్పుడప్పుడు పుణ్యమనీ అనుకున్నాను. మీ ఖాతాలో జమ అవుతోందని ఇప్పుడే తెలిసింది. ఇంత జమ చేసినవాడికి ఒక్క చీటీ ఇవ్వలేరా తమరు?

ఇక తమరు చేసిన ద్రోహం. 1990 ఆగస్టు 2, గురువారం నాడు ఇరాక్ సైన్యం మీ దేశంలోకి వచ్చింది. అది మీ తప్పని అననులెండి. నా పాస్‌పోర్టు కంపెనీ ఇనప్పెట్టెలో ఉంది. అక్కడ అందరి పాస్‌పోర్టులూ కంపెనీ దగ్గరే ఉండేవి. పెట్టె తాళంచెవి మేనేజరు దగ్గరుంది. మేనేజరు ఎండలు తప్పించుకోవడానికి లండన్ వెళ్ళాడు. కొన్నాళ్ళకి ఎవరో ఆ పెట్టెను పెట్టెతో సహా పట్టుకుపోయారు. మా పేట పోలీసు స్టేషన్ గుమ్మంలో ఇరాకీ సిపాయిలు కుర్చీలు వేసుకుని టీ తాగుతున్నారు. నెలాఖరుకల్లా మీ దేశం తమ పంతొమ్మిదో రాష్ట్రం అని బాగ్దాద్ ప్రకటించింది కూడా.

ఆ రోజుల్లో నేను ఆ స్టేషనుకి వెళ్ళి, "అయ్యా, ఆరేళ్ళుగా బుద్ధిగా ఉన్నాను, ఒక సర్టిఫికెట్టు ఇప్పించండి, ముందుముందు మా అమ్మాయి అమెరికా పౌరురాలవుతుంది" అని అడిగి ఉండవలసిందా? అమ్మాయి అప్పటికి పుట్టలేదు. పెళ్ళే కాలేదు నాకు.

బస్సులో బస్రా, అక్కణ్ణించి బాగ్దాద్, అక్కణ్ణించి జోర్డాన్ సరిహద్దులో ఎడారి గుడారాలు. పూటకో ఖుబ్జు రొట్టె, దాంతో ఒక ఉల్లిపాయ. పాస్‌పోర్టు లేనివాళ్ళకి మన ఎంబసీ వాళ్ళు ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు అని ఒక కాయితం ఇచ్చారు. దాంతో అమ్మాన్‌లో విమానం ఎక్కాను. ఆ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా 488 విమానాల్లో, లక్ష మందికి పైగా మనవాళ్ళని దింపారు. అందులో ఎంతమంది చేతిలో తమరు ఉండి ఉంటారని తమ అంచనా? బొంబాయిలో దిగగానే ఆ ఎమర్జెన్సీ కాయితం కూడా కౌంటరులో తీసేసుకున్నారు. నేను కువైట్‌లో ఉన్నాననడానికి చొక్కా జేబులో మిగిలింది బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, ఒక్కటే.

ఆ బతాకా ఇప్పుడు నా ముందు ఉంది. అట్ట అంచులు విడిపోయి, ఫొటోలో నా మీసం ఒక్కటే గుర్తుపట్టేలా ఉంది. 12 అంకెల నంబరు. మొదట 2, ఆ తర్వాత పుట్టిన సంవత్సరం, నెల, తేదీ, ఆపైన ఇంకో అయిదంకెలు. ఆ తేదీ మా బడిపంతులు గారు అందరికీ పెట్టినట్టే నాకూ పెట్టిన జులై ఒకటి. పేరు అరబ్బీలో ఉంది. వాళ్ళ అక్షరాల్లో పకారం లేదు కాబట్టి నేను అక్కడ బకారంతో బతికాను. ఇప్పటి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బతాకాలో పొడి అక్షరం ఉంది. మీరు నన్ను గుర్తుపట్టలేదంటే ఈ ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని క్షమించగలను.

మిమ్మల్ని వెతికిన కథ టూకీగా చెబుతాను, ఎందుకంటే అందులో చెప్పుకోదగ్గది తక్కువ, తిరుగుడు ఎక్కువ. మొదట వేలిముద్రలు. మా ఊరి స్టేషనుకి వెళితే రైటరు తలెత్తకుండానే "ఏం కేసు?" అన్నాడు. కేసేమీ లేదండీ, ఏ నేరమూ చెయ్యలేదని చెప్పడానికి అన్నాను. అప్పుడు తలెత్తి చూశాడు. పదివేళ్ళూ నల్ల సిరాలో ముంచి, ఒక్కొక్కటీ గోరు అంచునుంచి అంచుదాకా దొర్లించాడు. రిటైరయ్యాక కొబ్బరితోటలో చేసిన పనికి గీతలు అరిగిపోయాయి, కుడి బొటనవేలు ఎన్నిసార్లు వేసినా మచ్చలాగే పడింది. "పర్లేదు బాబాయిగారూ, ఆళ్ళే అర్థం చేసుకుంటార్లెండి" అన్నాడు. వాళ్ళు అర్థం చేసుకోలేదు. ఆ తర్వాత నోటరీ, రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, దాని మీద విదేశాంగ శాఖ ముద్ర, దాని మీద ఎంబసీ ముద్ర. చాలా దేశాలకి అపోస్టిల్ అనే ఒక్క ముద్రతో సరిపోతుంది. మీ దేశం ఆ ఒప్పందంలో లేదు. తమ ఠీవికి ఒక్క ముద్రతో ఎలా సరిపోతుంది లెండి.

అక్కడ ఫర్వానియాలో మా మేనల్లుడు ఉన్నాడు. వాడికి పవర్ ఆఫ్ అటార్నీ పంపించాను. వాడు సెలవు పెట్టుకుని కౌంటరుకి వెళ్ళాడు. ఈ నంబరు కంప్యూటర్లో లేదన్నారు. లేకపోతే లేదనే రాసి ఇవ్వండి అన్నాడు మావాడు. లేనివాడి గురించి ఏం రాస్తామన్నారు. పోనీ, ఇవ్వలేమని రాసి ఇవ్వండి అన్నాడు. అలా రాసి ఇచ్చే ఫారం మా దగ్గర లేదన్నారు.

ఇక్కడే, అయ్యా, నాకు మీ మీద అసలు కోపం. నేను స్టోర్‌కీపర్ని. స్టాకు రిజిస్టరులో ఒక సరుకు అయిపోతే ఆ గడి ఖాళీగా వదలం. నిల్ అని రాసి సంతకం పెడతాం. ఖాళీ గడికీ నిల్‌కీ తేడా ఏమిటో ఆడిటరు వచ్చినప్పుడు తెలుస్తుంది. మీరు చెయ్యవలసిన పనల్లా ఆ నిల్ రాయడమే. మీ ఒంటి మీద నా గురించి మంచి మాట ఒక్కటీ ఉండదు. ఇతను కష్టజీవి అని ఉండదు, రాగి తీగ అమ్ముకోలేదని ఉండదు. ఇతని మీద మా దగ్గర ఏమీ లేదు అని ఉంటుంది, అంతే. ఆ ఏమీ లేదు అన్న ముక్క రాయడానికి నా దగ్గర ఏదో ఉండాలట. నా మీద దొంగతనం కేసు ఒకటి ఉండి ఉంటే మీరు ఈపాటికి పరుగెత్తుకుంటూ వచ్చేవారు. నేను నిజాయితీగా బతికినందుకు ఇది శిక్ష అని అనను గానీ, మా ఆవిడ అంటోంది.

మీరు దొరక్కపోవడానికి యుద్ధం కారణమేమో అని కూడా ఆలోచించాను. మీ దేశపు జాతీయ దస్తావేజులు ఇరాక్ ఎత్తుకుపోయిందనీ, అవి తిరిగి ఇమ్మని భద్రతామండలి ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉందనీ, 2019లో, 2021లో కూడా కొన్ని పెట్టెలు వెనక్కి వచ్చాయనీ పేపర్లో చదివాను. ఆ పెట్టెల్లో రాజుగారి కాయితాలుంటాయి గానీ ఫహాహీల్ స్టోర్‌కీపరు కాయితాలు ఉండవని మా మేనల్లుడు అన్నాడు. వాడికేం తెలుసు. తమరు ఏ మూటలోనైనా ఇరుక్కుని ఉండవచ్చు.

మీరు లేని చోట మీ పేరు చెప్పి బతికేవాళ్ళు ఎలా ఉంటారో కూడా తమ దృష్టికి తేవాలి. ఒక ఏజెంటు ఫోను చేశాడు. "అంకుల్, మూడు వారాల్లో కువైట్ పీసీసీ మీ ఇంట్లో ఉంటుంది, ఒరిజినల్ స్టాంపుతో" అన్నాడు. కంప్యూటర్లో లేని మనిషికి ఎలా తెస్తావయ్యా అంటే, "అది మా హెడేక్ అంకుల్" అన్నాడు. వాడి హెడేక్ కాదు, నా పీక. దొంగ కాయితం పెట్టినా, తెలిసి తెలిసి అబద్ధం రాసినా అమెరికా చట్టంలో శాశ్వతంగా ప్రవేశం లేకుండా చేస్తారు. పిల్లలు అక్కడ, మనం ఇక్కడ, ఫోనులో మనవణ్ణి చూసుకోవాలి. మా పక్కింటి సుబ్బరాజు మరీ తేలిక దారి చెప్పాడు. "అసలు కువైట్ ఎళ్ళినట్టు రాయకండి బాబాయిగారూ. పాస్‌పోర్టే పోయింది కదా, ఎవడికి తెలుస్తాది?" ఆయ్, ఎవడికీ తెలీదు. కానీ ఆ ఫారములో పదహారో ఏటి నుంచీ ఎక్కడెక్కడ ఉన్నానో రాయాలి. ఆరేళ్ళు ఎక్కడ దాచను? రాజోలులో కొబ్బరికాయలు లెక్కపెట్టానని రాయనా?

పైగా నేను కువైట్‌లో ఉన్నానని ఐక్యరాజ్యసమితికే తెలుసు. మీకు ఇది నచ్చకపోవచ్చు గానీ వినండి. దండయాత్ర వల్ల నష్టపోయినవాళ్ళకి పరిహారం ఇప్పించడానికి 1991లో ఐక్యరాజ్యసమితి ఒక కమిషన్ పెట్టింది. ఇరాక్ చమురు అమ్మిన డబ్బులో వాటా కోసి ఇచ్చేవారు. మన విదేశాంగ శాఖలో దీనికని ప్రత్యేకంగా కువైట్ సెల్ ఉండేది. దేశం వదిలి రావలసిన వాళ్ళది 'ఎ' తరగతి. ఇంకే తరగతిలోనూ దావా వెయ్యని ఒంటరివాడికి 4,000 డాలర్లు, కుటుంబానికి 8,000. నేను ఆ బతాకా జిరాక్సు పెట్టి దరఖాస్తు చేశాను. ఏళ్ళు పట్టింది గానీ డబ్బు వచ్చింది, మా ఇంటి పై అంతస్తు అలా లేచింది. ఆ కమిషన్ మొత్తం 5,240 కోట్ల డాలర్లు పంచి, 2022 జనవరిలో ఆఖరి బాకీ తీర్చింది. అంటే ఇరాక్ తన అప్పు తీర్చేసుకుంది. కువైట్ పోలీసు సర్టిఫికెట్టు గారూ, తమరు మాత్రం నాకు ఇంకా బాకీ.

మీరు రాకపోతే ఏం చెయ్యాలో కూడా ఆ వీసా సెంటరు వాళ్ళే చెప్పారు. ఏ దేశంలో ఏ కాయితం దొరుకుతుందో, ఏది దొరకదో అమెరికా విదేశాంగ శాఖ దేశాల వారీగా ఒక పట్టిక పెట్టింది. దొరకదని అందులోనే ఉంటే గొడవ లేదు. దొరుకుతుందని ఉండి మనకి దొరక్కపోతే, ఎందుకు దొరకలేదో వివరంగా సంజాయిషీ రాసి మీ స్థానంలో అప్‌లోడ్ చెయ్యాలి. ఒప్పుకోవాలో వద్దో ముంబయిలో ఇంటర్వ్యూ చేసే అధికారి ఇష్టం. ఒప్పుకోకపోతే 221(జి) అని ఒక కాయితం చేతిలో పెడతారు, అప్పుడు మళ్ళీ మీ వేట మొదలు.

సంజాయిషీ రాయడానికి కూర్చున్నాను. ఇంతకాలం మనసులో ఉన్నదంతా రాశాను. ట్యాంకులు రాశాను, మంచం కింద క్యాన్ రాశాను, బాగ్దాద్ బస్సులో పక్క సీటు మలయాళీ నర్సు తన నెక్లెసు చెప్పులో దాచుకున్నది రాశాను. నాలుగు పేజీలు అయింది. అమ్మాయికి పంపిస్తే వీడియో కాల్ చేసింది.

"నాన్నా, చాలా బాగుంది. కానీ ఇది పెడితే వీసా రాదు."

"ఎందుకు రాదే? అన్నీ నిజాలేగా."

"మంచం కింద సారా అని నువ్వే రాశావు నాన్నా!"

"నేను తాగలేదని కూడా రాశాను కదా."

"ఆఫీసరుకి అంత టైమ్ ఉండదు. కథ వద్దు, తేదీలు రాయి. ఎప్పుడు వెళ్ళావు, ఎక్కడున్నావు, ఎప్పుడొచ్చావు. సర్టిఫికెట్టు కోసం ఎవర్ని, ఎప్పుడు, ఎలా అడిగావు, వాళ్ళేం చెప్పారు. ప్రతిదానికీ రుజువు పెట్టు. బాధపడ్డట్టు ఎక్కడా రాయొద్దు."

బాధపడ్డట్టు రాయకుండా మీ గురించి రాయడం ఎంత కష్టమో మీకు తెలియాలి. అయినా రాశాం. కేసు నంబరు పైన. నా పేరు ఇప్పటి పాస్‌పోర్టులో ఎలా ఉందో, బతాకాలో ఎలా ఉందో రెండూ. కువైట్‌లో ఉన్న కాలం, పేట, చేసిన పని. 1990 దండయాత్రలో పాస్‌పోర్టు పోయింది, ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు మీద వచ్చాను, తిరిగి వెళ్ళలేదు అని రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాల్లోకి ఆ ఎడారంతా ఎలా పట్టిందో నాకే ఆశ్చర్యం. వేలిముద్రలు ఎప్పుడు పంపించామో, కొరియరు రసీదు నంబరుతో. మేనల్లుడు కౌంటరు దగ్గర విన్నది వాడి చేతే రాయించి, సంతకం పెట్టించి. సర్టిఫికెట్టు అడుగుతూ పంపిన ఈమెయిల్‌కి జవాబు రాలేదు గనక ఆ ఈమెయిలే అచ్చు తీసి. బతాకా రెండు వైపులా స్కాను. ఐక్యరాజ్యసమితి పరిహారం తాలూకు ఉత్తరం. చివర, నన్ను కువైట్‌లో ఏనాడూ అరెస్టు చెయ్యలేదు, నా మీద ఏ కేసూ లేదు అని ఒక వాక్యం, తేదీ, సంతకం. ఇంటర్వ్యూలోపు సర్టిఫికెట్టు వస్తే తప్పక తెస్తాను అని ఇంకో వాక్యం. ఈ చివరిది నా మాట. మీ మీద నాకింకా పూర్తిగా ఆశ చావలేదని అమ్మాయి నవ్వింది.

ఒకే పేజీ. వెనకాల జతపరిచినవి చాలా ఉన్నాయి గానీ, ఉత్తరం మాత్రం ఒకే పేజీ. మీరు వచ్చి ఉంటే ఇంతకంటే పొడుగు ఉండేవారు కారు. మీ కుర్చీలో ఇప్పుడు అది కూర్చుంది. నా అభిప్రాయం అడిగితే మీకంటే అదే నిజం ఎక్కువ చెబుతుంది. మీరు మీ రిజిస్టరులో ఉన్నది మాత్రమే చెప్పగలరు. రిజిస్టరే లేకపోతే ఏమైందో చెప్పేది అది.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను, ఇది మీకు గర్వకారణం కూడా. మీ భారతీయ సోదరుడికి రెండేళ్ళే ఆయుష్షు. కేసు ఆలస్యమైతే మళ్ళీ 500 కట్టి, మళ్ళీ కానిస్టేబులుకి బొండం కొట్టి కొత్తది తెచ్చుకోవాలి. మీరు అలా కాదు. ఒకప్పుడు ఉన్న దేశం నుంచి తెచ్చుకున్న సర్టిఫికెట్టుకి, ఆ తర్వాత మనిషి మళ్ళీ ఆ దేశం వెళ్ళనంతవరకూ గడువు లేదు. నేను ఇంక ఆ ఎండల్లోకి రాను. కాబట్టి ఒక్కసారి పుట్టారంటే తమరు చిరంజీవులు. ఇంత మంచి జాతకం పెట్టుకుని పుట్టడానికే బద్ధకిస్తున్నారేమిటండీ?

ఒకవేళ మనసు మార్చుకుంటే, మా మేనల్లుడి అడ్రసు ఆ దరఖాస్తులోనే ఉంది. అరబ్బీలో వచ్చినా ఇబ్బంది లేదు. ఇంగ్లీషులోకి సర్టిఫైడ్ అనువాదం చేయించే ఖర్చు నేనే భరిస్తాను. బకారంతో వచ్చినా ఫరవాలేదు. పొడి అక్షరంతో వచ్చినా ఫరవాలేదు. కుడి బొటనవేలు గురించి మాత్రం నన్ను మళ్ళీ అడక్కండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
తమ రికార్డులో లేనివాడు.

తా.క. మా వియ్యంకుడు గారు మస్కట్‌లో పద్నాలుగు నెలలు పనిచేశారు. పన్నెండు లోపే వచ్చేస్తానంటే కంపెనీ వాళ్ళు బోనసు చూపించి ఇంకో రెండు నెలలు ఆపారట. ఆయన మీదా, వియ్యపురాలి మీదా మా అల్లుడు వచ్చే నెలలో ఐ-130 వేస్తున్నాడు. మస్కట్ సర్టిఫికెట్టు గారు మీకు చుట్టమే అయి ఉంటారు. మావాళ్ళు వస్తున్నారని ఒక మాట చెవిన వేసి ఉంచగలరు.